పిలిస్తే పలకడు

మూడో కంప్లెయింట్ కూడా ఆ ఇంటి నుంచే వచ్చింది. మొదటి రెండుసార్లూ ఆఫీసులోని మగవాళ్లు వెళ్లి, నెట్ స్పీడు కొలిచి, అంతా బాగానే ఉందని చెప్పి, చాయ్ తాగి వచ్చారు. అంతా బాగుంటే ఆ మనిషి మళ్లీ ఎందుకు ఫోన్ చేస్తున్నాడని ఎవరూ అడగలేదు. మంగళవారం పొద్దున నవీన్‌కుమార్ ఆ కాగితాన్ని గ్లోరీ ముందుకు తోశాడు. జడ్చర్లలో ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే ఆ చిన్న ఆఫీసుకు ఓనరూ అతనే, గుమాస్తా అతనే.

"నువ్వు పోయిరా గ్లోరీ. ఆ సార్‌కు పాటలు సక్కగ వినొస్తలేవట."

"పాటలు వినొస్తలేవంటె మన నెట్ ఏం జేస్తదన్నా?"

"నాకేం ఎర్క? పోయి చూసి ఓటీపీ తీస్కరా."

ఓటీపీ అంటే కస్టమర్ ఫోనుకు వచ్చే నాలుగంకెలు. పని నచ్చిందని ఒప్పుకుని ఆయన ఆ అంకెలు చెబితేనే కంప్లెయింట్ మూసుకుంటుంది. నిచ్చెనెక్కి తీగలు లాగే పనిలో ఆ ఆఫీసులో ఆడపిల్ల గ్లోరీ ఒక్కతే. ఆరు నెలల ట్రయల్‌లో ఐదు నెలలు ఎవరితో మాట పడకుండా నెట్టుకొచ్చింది. ఈ ఒక్క నెల గడిస్తే పర్మినెంటు. ఆమె కాగితం మీద పేరు చదివింది. రామచంద్రయ్య. ఎనిమిదేళ్ల కింద మందుల కంపెనీలో తన తండ్రి ఇస్రాయేలు కొలువు పోయింది ఈ మనిషి రాసిన కాగితంతోనే.

వేరేవాళ్లను పంపమని అడగొచ్చు. అడిగితే, ఆడపిల్ల కదా, భయపడిందంటారు. హెల్మెట్ పెట్టుకుని బయల్దేరింది.

ఆయన ఇల్లు కొత్త కాలనీలో మేడ. అదే మందుల కంపెనీ కంప్రెసర్ రూంలో షిఫ్ట్ ఇంచార్జిగా ముప్పై ఏళ్లు చేసి నిరుడే రిటైరయ్యాడు. అప్పటి నుంచి పాటల పిచ్చి పట్టింది. కొత్త బిచ్చగాడు పొద్దెరుగడన్నట్టు తెల్లారితే మొదలు, మళ్లీ అన్నానికి పిలిచేదాకా ఆ గదిలోనే. ముందు గదిలో రౌటర్, దాని వెనక గోడ అవతల పాటల గది. నడుమెత్తు స్పీకర్లు రెండు, బల్ల మీద నల్లటి డబ్బాలు మూడు. ఒకటి నెట్ నుంచి పాటను అందుకునే స్ట్రీమర్, ఒకటి దాన్ని చప్పుడుగా మార్చేది, ఒకటి ఆ చప్పుడును పెంచేది. ఆయన కుర్చీ మాత్రం ఒక్కటే. రెండో మనిషి కూర్చోడానికి ఆ గదిలో జాగా పెట్టలేదు.

"ఇస్రాయేలు బిడ్డవు గదా నువ్వు?" అన్నాడు, ఆమె చెప్పులు విప్పకముందే.

"అవును సార్."

"మొఖం చూస్తెనే ఎర్కైతాంది. మీ నాయినకు పని మంచిగొచ్చు. పొగరే ఎక్కువ. పిలిస్తె పలుకకపోతుండె. నువ్వన్న పలుకు."

గ్లోరీ పళ్లు బిగబట్టింది. పలకకుండా ఊరుకుంటే ఆ మాటకు తానే సాక్ష్యమవుతుందని వెంటనే తట్టి, "సరే సార్" అంది.

ఆయన ఫోనులో వేలు ఆనించి మల్లన్న కథ పెట్టాడు. డోలు దబ్బున మోగింది. వెనకే ఒగ్గు కథకుడి గొంతు లేచింది. గొర్రెలు కాసుకునే ఇంట పుట్టినవాడు గనుక ఆ కథ ఆయనకు ఉగ్గుపాలతో వచ్చినదే.

"ఇను. డోలు వస్తాంది. గొంతు వస్తాంది. తాళాలు యాడికి వొయినయి? గజ్జెలు యాడికి వొయినయి? గీ రికార్డుల తాళం ఖంగుమనాలె. మీ నెట్ మింగుతాంది."

గ్లోరీ చెవి ఒగ్గి వింది. తాళాలు శుభ్రంగా మోగుతున్నాయి. తాళం వేసేవాడు ఒక్కోసారి వెంట్రుకవాసి ఆలస్యంగా వేస్తున్నాడని కూడా తెలుస్తోంది. ఆదివారం ఆదివారం చర్చిలో పాడే పిల్ల, తాళం సంగతి ఆమెకు కొత్త కాదు. ఇంకోటి కూడా వినిపించింది. కథకుడు ఊపిరి తీసుకున్నప్పుడల్లా స్పీకర్లలోంచి సన్నటి కీచు. దోమ చెవి దగ్గర తిరిగినట్టు. ఇంత డబ్బు పోసి కొన్న స్పీకర్లలో ఆ కీచు గురించి ఆయన ఒక్క మాట అనకపోవడమే ఆమెకు వింతగా తోచింది.

"తాళాలు వస్తున్నయి గద సార్," అంది మెల్లగా.

"ఏందీ?"

"తాళాలు వస్తున్నయి సార్!"

"నా చెవులకు చెప్తవా నువ్వు? గొర్ల మందల ఏ పొట్టేలు గంట ఏదో చీకట్ల చెప్పేటోన్ని." తర్వాత ఆయన వీడియోల్లో నేర్చుకున్న పాఠం అప్పజెప్పాడు. గాలిలో వచ్చే నెట్‌లో సన్న చప్పుళ్లు రాలిపోతాయట, జల్లెడలోంచి నూక రాలినట్టు. తీగ వేస్తే రాలవట. స్ట్రీమర్‌కు నేరుగా తీగ తగిలించాలట.

వైఫై బాగాలేకపోతే పాట మధ్యలో ఆగుతుంది, లేదంటే మొత్తం నాసిరకంగా వస్తుంది గానీ తాళాలొక్కటే ఏరుకుని పారెయ్యదని గ్లోరీకి తెలుసు. అయినా తీగ మంచిదే. వాదన ఎందుకని నిచ్చెన తెచ్చుకుంది. గోడలో పైపు ఉంది. అందులో కరెంటువాళ్లు ఇదివరకే టీవీకీ కెమెరాలకూ వేసిన తీగలు ఐదు ఉన్నాయి, అన్నీ ఒకే నీలం రంగువి. వాటి పక్కనుంచి ఆరోది దూర్చి లాగింది. కొస ఒలిచి లోపలి ఎనిమిది సన్న తీగలను విడదీసి, వేలితో సాపు చేసి, రంగు వరుస తప్పకుండా పేర్చి, ప్లగ్గులో దూర్చి పట్టకారుతో నొక్కింది. టక్కుమంది. ఆ టక్కు వినడమంటే ఆమెకు ఇష్టం. పని కుదిరిందని అది చెబుతుంది.

రామచంద్రయ్య కళ్లు మూసుకుని మళ్లీ మల్లన్నను విన్నాడు.

"ఆ... జర నయం."

"ఓటీపీ చెప్తరా సార్?"

"రెండు దినాలు ఇననీ. గంత తొందరేంది?"

ఆమె ఇల్లు చేరేసరికి ఇస్రాయేలు అరుగు మీద గోడవైపు తిరిగి కూర్చుని గోనెసంచులు కుడుతున్నాడు. పగలంతా మార్కెట్ యార్డులో హమాలి పని. సాయంత్రం చినిగిన సంచులు తెచ్చుకుని దబ్బనంతో కుట్టి ఇస్తాడు. బండి చప్పుడైనా తల తిప్పలేదు. గ్లోరీ అతని వీపు వెనక నిలబడి హెల్మెట్ తీసింది.

"నాయినా, ఇయ్యాల రామచంద్రయ్య సార్ ఇంటికి పోయిన."

దబ్బనం పైకి లేచింది, దారం బిగిసింది. మళ్లీ లేచింది. ఆ పేరు చెబితే పలకడని తెలుసు. అయినా ఆమెకు ఒళ్లు మండింది. ఎదుటి మనిషి తిట్టిన తిట్లు మోసుకుని ఇంటికొస్తే, ఒక్కసారి ఇటు తిరిగి ఏమైంది బిడ్డా అంటే సొమ్మేం పోతుంది?

మైసమ్మ పొయ్యి దగ్గర్నుంచి వచ్చి భర్త భుజం మీద చెయ్యి వేసింది. అప్పుడు తిరిగాడు. కూతుర్ని చూసి నవ్వాడు.

"తిన్నవా బిడ్డా?"

గ్లోరీ జవాబివ్వకుండా లోపలికి పోయింది. రొట్టె తుంచుతూ తల్లి మీద పడింది. "ఆ సార్ పిలిచినప్పుడు ఒక్కసారి పలికితె అయిపోవు గదనే. గా పొగరుతోని కొలువు పోగొట్టుకునె. ఇప్పుడు నేను తలకాయ దించుకోని నిలవడాలె."

"ఊకో. ఆయన సంగతి నీకు ఎర్క లేదు," అంది మైసమ్మ.

"ఎర్క లేకనే అడుగుతున్న. ఆయన చెప్పడు, నువ్వు చెప్పవు."

మైసమ్మ ఇంకో రొట్టె కంచంలో వేసి పొయ్యివైపు తిరిగింది.

గురువారం మళ్లీ ఫోన్. ఈసారి రామచంద్రయ్య హైదరాబాదు నుంచి రెండు కొత్త సామాన్లు తెప్పించాడు. ఒకటి ఇనుప డబ్బాలో ఉన్న నెట్‌వర్క్ స్విచ్. రౌటర్‌కూ స్ట్రీమర్‌కూ మధ్యలో పెడతారు. రెండోది స్విచ్‌కూ స్ట్రీమర్‌కూ కరెంటిచ్చే పవర్ సప్లై, ఇటుకంత బరువు. చిన్న అడాప్టర్ల కరెంటులో మురికి ఉంటుందట, ఇది వడపోస్తుందట. ఆయన భార్య గుర్వమ్మ తలుపు దగ్గర నిలబడి చూసింది.

"స్విచ్ అంటె గోడకుండేది గాదా బిడ్డా?"

"ఇది వేరే అమ్మా. ఒక్క తీగను నాలుగు తీగలు చేస్తది."

"ఆయనకున్న పిచ్చిని గూడ నాలుగు చేస్తదేమో."

గ్లోరీ నవ్వు ఆపుకుని పని చూసుకుంది. స్ట్రీమర్ పాత అడాప్టర్ పీకి, కొత్త పవర్ సప్లై పెట్టి, తీగలు కరెంటు వైర్లకు దూరంగా జరిపి కట్టింది. పాట పెట్టగానే తేడా తెలిసింది. ఆ సన్న కీచు మాయమైంది. కథకుడు ఆగినచోట ఇప్పుడు నిజంగా నిశ్శబ్దం ఉంది. ఆ నిశ్శబ్దంలోంచి గజ్జె కదిలినా తెలుస్తోంది. వీడియోలవాళ్లు చెప్పేదంతా బూటకం కాదన్నమాట అని ఆమెకు ముచ్చటేసింది.

"అమ్మయ్య, ఆ కీసు పోయింది. నాకు తలకాయ నొప్పొస్తుండె," అంది గుర్వమ్మ.

"ఏం కీసు?" అన్నాడు రామచంద్రయ్య.

"ఇన్ని దినాల సంది కీసుమంటలేదా అది?"

"నీ మొఖం. కీసూ లేదు, ఏం లేదు. తాళాలు వచ్చినయా అది చెప్పు." మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ఆయన నుదురు ముడిపడింది. ఎంతో ఆశగా తెప్పించుకున్న సామాను అది. ముఖంలో ఆ ఆశ కొంచెం కొంచెంగా ఆరిపోవడం గ్లోరీ చూసింది. ఆరిపోయిన ఆశ ఎవరో ఒకరి మీద కోపం కావాలి కదా. అయింది.

"రాలే. నువ్వు సక్కగ పెట్టలే."

"సార్, తాళాలు మంచిగ వస్తున్నయి. గజ్జెలు గూడ వస్తున్నయి. మాకు వినొస్తుంటె మీకెందుకు వినొస్తలేవో నాకెట్ల ఎర్కైతది?"

అన్నాక గానీ ఆ మాట ఎంత దూరం పోయిందో ఆమెకు తెలియలేదు. ఆయన ఆమె ముందే నవీన్‌కుమార్‌కు ఫోన్ కలిపాడు. అవతలివాడి మాట వినడానికి స్పీకర్ నిండా పెట్టాడు.

"ఎవల్ని పంపినవయ్యా? పని రాదు, ఎదురు జవాబులు. తండ్రి పొగరే వచ్చింది పిల్లకు. రాసిస్త, తీస్కో."

ఆఫీసుకు వెళితే నవీన్‌కుమార్ ఆమె ముఖం చూడకుండా కంప్యూటర్ చూస్తూ మాట్లాడాడు. "రేపొక్క దినం గ్లోరీ. రేపటికి ఓటీపీ రాకపోతె నేనేం చెయ్యలేను. ఆ కాలనీల ఇరవై కనెక్షన్లు ఆయన చెప్తెనే వచ్చినయి."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆయన వినడం చేతగాక నెట్ ఓడంటున్నాడు. తప్పు మాత్రం తీగ లాగిన పిల్లది. తండ్రి కొలువు తిన్న నోరే తన కొలువునూ తినబోతోందని ఏడుపొచ్చి, ముఖం కడుక్కోవడానికి ఆఫీసు వెనక నల్లా దగ్గరికి పోయింది.

శుక్రవారం పొద్దున రామచంద్రయ్య గుమ్మంలోనే ఎదురొచ్చాడు. రాత్రంతా ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చినవాడిలా ఉన్నాడు.

"నువ్వు కొత్త తీగ వేసిన అన్నవు. నాకు నమ్మకం లేదు. లోపల ఆరు తీగలున్నయి, అన్నీ ఒక్క తీరుగనే ఉన్నయి. పాతదానికే తగిలించి కొత్తదని చెప్పినవేమో."

దొంగతనం కూడా అంటగట్టాడు. గ్లోరీ చెంపలు వేడెక్కాయి. సంచిలోంచి తీగలు వెతికే పనిముట్టు తీసింది. అది రెండు ముక్కలు. ఒకటి తీగ కొసకు తగిలిస్తే తీగలోకి సంకేతం పంపుతుంది. రెండోది పెన్నులా ఉంటుంది. అవతలి కొసన సరైన తీగకు ఆనిస్తే సన్నగా కీచుమని అరుస్తుంది. వేరేదానికి ఆనిస్తే నోరు మెదపదు.

"నేను ముందు గదిల మన కొత్త తీగకు తగిలిస్త సార్. లోపల ఆరింట్ల ఏది అరిస్తె అదే అది. మీ స్విచ్‌కు ఉన్నది అదేనో కాదో మీరే చూడుండ్రి."

"నా చేతికియ్యి మరి. నువ్వు పట్టుకోని ఇదే అంటె నేనెట్ల నమ్మాలె?"

ఇచ్చింది. మిషన్ల మధ్య బతికిన చేతులు, పెన్నును నేర్పుగానే పట్టుకున్నాయి. గ్లోరీ ముందు గదిలో నిచ్చెనెక్కి మొదటి ముక్క తగిలించి, "కానియ్యుండ్రి సార్" అని గట్టిగా అరిచింది.

మొదటి తీగ. చప్పుడు లేదు. రెండోది. లేదు. మూడోదానికి ఆనించగానే గోడ అవతల్నుంచి కీచుమని లేచింది, చెవులు చిల్లులు పడేట్టు. వంటింట్లోంచి గుర్వమ్మ, "అబ్బబ్బ! బంద్ చెయ్యిండ్రే! పండ్లు జివ్వుమంటున్నయ్!" అని కేక పెట్టింది.

"దొరికింది సార్, గదే!" అంది గ్లోరీ.

కీచు ఆగింది. ఆయన పెన్ను తీసేశాడు. నాలుగో తీగ. ఐదోది. ఆరోది. తర్వాత ఆయన గొంతు వినపడింది, విసుగ్గా.

"ఒక్కదానికి గూడ సప్పుడు రాలే. గిది గూడ కరాబుదే తెచ్చినవా?"

గ్లోరీ నిచ్చెన మీద అలాగే నిలబడింది. ఇంత పచ్చి అబద్ధం ఆడతాడా మనిషి? కావాలనే చేస్తున్నాడు. తనను పంపించేదాకా నిద్రపోడు. గబగబా దిగి పాటల గదిలోకి పోయింది.

"మళ్ల పెట్టుండ్రి సార్. మూడోదానికి."

పెట్టాడు. ఆయన చేతిలో, ఆయన ముఖానికి జానెడు దూరంలో అది అరిచింది. గ్లోరీ తల వెనక్కి తీసుకుంది. ఆయన తీసుకోలేదు. కనురెప్ప కూడా అదరలేదు. ఆమెకేసి చూస్తూ, ఓపిగ్గా, చప్పుడు వస్తుందేమోనని ఎదురుచూస్తున్నాడు.

"చూసినవా? ఏమన్న వచ్చిందా?"

ఆ ముఖంలో అబద్ధం లేదు. గ్లోరీకి కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. గుర్వమ్మ తడి చేతులతో చెవులు మూసుకుని గుమ్మంలోకి వచ్చింది. భర్తను చూసింది, చేతిలో అరుస్తున్న పెన్నును చూసింది, గ్లోరీని చూసింది. చెవుల మీది చేతులు వాటంతటవే కిందికి జారాయి.

"నీకు వినొస్తలేదా?" అంది.

"ఏందీ?"

"అది అరుస్తలేదా? నీకు వినొస్తలేదా?"

రామచంద్రయ్య పెన్ను వైపు చూశాడు. కొసన ఎర్ర లైటు వెలుగుతోంది. దాన్ని కుడి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఎడమ చెవికి మార్చాడు. మళ్లీ కుడి చెవికి. ఇంతలో బొటనవేలు దాని చిన్న స్పీకర్ మీద పడింది. అక్కడే ఆగిపోయింది.

"అదురుతాంది," అన్నాడు. "చేతుల అదురుతాంది."

అది అరుస్తూనే ఉంది. కాసేపటికి గ్లోరీ ఆయన వేళ్లలోంచి మెల్లగా తీసుకుని ఆపేసింది.

"బంద్ చేసిన సార్," అంది, ఆయన చూస్తుండగా.

ఆయన ఉన్న ఒక్క కుర్చీలో కూలబడ్డాడు. గుర్వమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "టీవీ అంత సప్పుడు పెడితె ఆఫీసర్‌గిరి ఇంకా పోలే అనుకున్న. నేను పిలిస్తె పలుకకపోతె, పెద్ద సార్ గదా, మనకెందుకు పలుకుతడు అనుకున్న. ఓ మల్లన్న దేవుడా, ఎన్నేండ్ల సంది గిట్ల?"

ఆయన ఆ మాటలు విన్నాడో లేదో. నేలవైపు చూస్తున్నాడు. తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

"కంప్రెసర్ రూంల నేను అద్దాల క్యాబిన్ల కూసునేటోన్ని. ఇస్రాయేలు మిషన్ల నడుమ నిలవడుతుండె."

గ్లోరీ పెన్నును సంచిలో పెట్టబోయి ఆయన వైపు తిరిగింది.

"చెవులకు పెట్టుకునే డొప్పలు తనిఖీ ఉన్న దినమే ఇచ్చేది. మిగిలిన దినాలు బీరువాల పెట్టమనేది మేనేజర్. నేనే పెట్టేటోన్ని." తలెత్తాడు. "మీ నాయిన... ఎన్కనుంచి పిలిస్తె పలుకుతడా?"

పలుకుతాడు అని చెప్పడానికి నోరు తెరిచింది. తల్లి చెయ్యి వేస్తే గానీ తిరగని భుజం కళ్ల ముందు నిలబడింది. ఆ వీపుతో తాను ఎన్నిసార్లు మాట్లాడిందో, ఎన్నిసార్లు తిట్టుకుని లోపలికి పోయిందో.

"పలుకడు సార్," అంది. "మేము గూడ పొగరే అనుకున్నం."

తర్వాత ఆగలేకపోయింది. "మీకు వినరాకపోతె హోదా అయింది. మా నాయినకు వినరాకపోతె పొగరయింది."

ఆయన ఆమె పెదవులవైపు చూస్తూ ఆ మాట పూర్తిగా అందుకున్నాడు. కాదనలేదు. ఫోను తీసి నాలుగంకెలు తనే చదివాడు. గ్లోరీ ఒక అంకె తప్పు నొక్కింది. రెండోసారికి కంప్లెయింట్ మూసుకుంది. ఐదు నెలలు కష్టపడి కాపాడుకున్న కొలువు దక్కింది. ఆ సంతోషం వెతుక్కున్నా దొరకలేదు.

సాయంత్రం అయిదు గంటలకు రామచంద్రయ్య స్కూటర్ మీద గ్లోరీ వెంట వాళ్ల వాడకు వచ్చాడు. నల్లా దగ్గర ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని ఉన్నారు. ఇస్త్రీ మడత నలగని చొక్కాతో ఎవరో పెద్దమనిషి దిగాడని అందరూ ఇటు చూశారు. ఇస్రాయేలు ఒక్కడే చూడలేదు. అరుగు మీద గోడవైపు తిరిగి సంచి కుడుతున్నాడు.

రామచంద్రయ్య అతని వెనక నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు.

"ఇస్రాయేలూ."

దబ్బనం లేచింది, దారం బిగిసింది.

"ఇస్రాయేలూ."

మైసమ్మ గబగబా లేవబోయింది. ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు. మూడోసారి పిలవలేదు. అలాగే నిలబడి ఆ వీపును చూశాడు. ఎనిమిదేళ్ల కింద అద్దాల వెనకనుంచి చూసిన వీపు అదే అయి ఉంటుంది. తర్వాత చుట్టూ తిరిగి వెళ్లి, గోడ పక్కన ఉన్న సంచుల కుప్ప మీద కూర్చున్నాడు. ఇస్రాయేలు తలెత్తి చూసి అదిరిపడి లేచాడు. "సార్" అన్నాడు. రామచంద్రయ్య అతని చెయ్యి పట్టి కిందికి లాగి కూర్చోబెట్టాడు.

ఆ మాట గుట్టుగా చెప్పి పోదామనే వచ్చాడాయన. మెల్లగానే మొదలుపెట్టాడు. ఇస్రాయేలు ఆయన మీసాల కిందికి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"జర గట్టిగ చెప్పుండ్రి సార్."

"అప్పుడు నేను రాసింది తప్పు!"

"ఏం తప్పు సార్?"

ఇక ఆయన గొంతెత్తక తప్పలేదు. ఎంత ఎత్తుతున్నాడో ఆయనకు తెలియదు. "నీకు పొగరు లేకుండె! చెవులు పోయినయి! ఆ మిషన్ల కాడ నీ చెవులు పోయినయి! నావి గూడ పోయినయి! నాకు ఇయ్యాల ఎర్కయింది! పిలిస్తె పలుకడని నేను రాసిన!"

నల్లా దగ్గర ఒకామె బిందె నిండి పొర్లుతున్నా ఇటే చూస్తోంది. ఇళ్లలోంచి మనుషులు బయటికి వచ్చారు. ఎదురింటి గుర్వయ్య కూడా వచ్చాడు, భుజం మీద తువ్వాలతో. యార్డులో హమాలీలకు అతనే జమేదారు. పొద్దున ఎవరు లారీ ఎక్కాలో, ఎవరు ఇంటికి పోవాలో అతని నోటిమాటే.

ఇస్రాయేలు తల దించుకుని, మామూలుగా మాట్లాడే ఆ మెత్తటి గొంతుతో చెప్పాడు.

"నాకు అప్పుడే ఎర్క సార్. మీరు రాయకముందు రెండేండ్ల సంది ఎర్క. చెవులు వినొస్తలేవంటె ఆ దినమే ఇంటికి పంపుతరు. పొగరని పంపితె ఇంకోతాన పని దొరుకుతది. చెవిటోనికి ఎవడిస్తడు సార్? అందుకే ఊకున్న."

గ్లోరీకి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. తల్లివైపు చూసింది. మైసమ్మ కళ్లు దించుకుంది. ఆమెకూ తెలుసు. ఇన్నేళ్లూ ఇద్దరూ కలిసి ఈ ఇంట్లో ఒక అబద్ధాన్ని మోశారు. బిడ్డ పొగరు పొగరు అని తిడుతుంటే నోరు మూసుకుని పడ్డారు.

"ఏమంటున్నడు?" రామచంద్రయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని గ్లోరీని అడిగాడు. "వినొస్తలేదు. ఏమంటున్నడు?"

ఆమె ఏడుస్తూ అరిచింది. ఆయనకు వినపడాలని అరిచింది, ఎనిమిదేళ్ల తన పాపం పోవాలని కూడా అరిచింది. "మా నాయినకు ఎర్కేనట సార్! చెవులు వినొస్తలేవని ముందే ఎర్కట! చెవుడు అంటె ఎవ్వలు పనియ్యరని పొగరు మాట పడ్డడట! ఇప్పటికి గూడ ఎవ్వలకు చెప్పలేదు సార్!"

ఇస్రాయేలు వెనక్కి తిరిగి ఆమె నోటివైపే చూస్తున్నాడు. సగం మాటలకే అతని ముఖంలో నెత్తురు లేకుండా పోయింది. "మెల్లగ బిడ్డా, మెల్లగ," అన్నాడు. అతని కళ్లు ఆమె భుజం మీదుగా ఎదురింటి గుమ్మం వైపు పోయి మళ్లీ కిందికి వాలాయి. మైసమ్మ వచ్చి గ్లోరీ మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పటికే ఆలస్యమైంది.

రామచంద్రయ్యకు అంతా వినపడింది. సంచుల మీద నుంచి అరుగు మీదికి జరిగి, ఇస్రాయేలు రెండు చేతులూ పట్టుకుని తల వంచి కూర్చున్నాడు. ఇస్రాయేలు ఆ వంగిన తలవైపు చూస్తూ, "లెవ్వుండ్రి సార్, లెవ్వుండ్రి," అంటున్నాడు.

గుర్వయ్య చెడ్డవాడు కాదు. ఇస్రాయేలుతో కలిసి పదిసార్లు పెళ్లిళ్లలో బువ్వ తిన్నవాడు. వెనక్కి వచ్చే లారీల మధ్య, హారన్ విని తప్పుకోవాల్సిన చోట బస్తాలు మోసే మనుషులకు అతను జవాబుదారీ. కాసేపు తువ్వాలు సర్దుకుంటూ నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

"ఇస్రాయేలూ. రేపు లారీల కాడికి రాకు. ముందుగాల వచ్చి నన్ను కలువు."

పెద్దగా అనలేదు, కటువుగానూ అనలేదు. నల్లా దగ్గరున్నవాళ్లకు కూడా స్పష్టంగా వినిపించింది. అరుగు మీద ఒకరి చేతులొకరు పట్టుకున్న ఆ ఇద్దరికీ వినపడలేదు. ఆ మాట తండ్రికి అరిచి చెప్పాల్సింది ఆమేనన్నట్టు వాడంతా గ్లోరీ వైపు చూసింది.